మూడో ఫోన్

"వదలడం లేదు సార్... వెనకే ఉంది!"

అద్దంలో రెండు హెడ్‌లైట్లు. అంతకంతకూ పెద్దవవుతున్నాయి.

కారు ఒక్కసారిగా ఎడమ సందులోకి తిరుగుతుంది. టైర్లు కీచుమంటాయి. ఆమె భుజం వెళ్ళి డోరుకి కొట్టుకుంటుంది. ఒళ్ళో ఉన్న పనిముట్ల సంచి జారి స్క్రూడ్రైవర్లు కాళ్ళ దగ్గర చెల్లాచెదురవుతాయి.

అప్పుడే... మళ్ళీ అదే!

టిటిక్... టిటిక్... టిటిక్... జ్‌ర్‌ర్‌ర్!

కొత్త స్పీకర్లన్నీ ఒకేసారి గొంతు చించుకుంటాయి.

"ఛీ!" స్టీరింగ్ మీద గుద్దుతాడు బిల్డర్. "ప్రాణాల మీదికొచ్చినా ఈ దరిద్రం వదలదా? ఎన్నిసార్లు విప్పావు, ఎన్నిసార్లు బిగించావు! ఏం బాగు చేశావమ్మా?"

ఆమెకి ఒళ్ళు మండిపోతుంది.

కార్లలో కంపెనీ ఇచ్చిన స్టీరియోలు పీకి కొత్తవి పెట్టడం ఆమె పని. అసలు పేరు ఏమిటో ఆమె షాపున్న వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ వైరక్కే. ఆమె పనికి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు.

ఈ కారొక్కటే!

పెద్ద స్క్రీన్ ఉన్న స్టీరియో పెట్టింది. డోర్లకి కొత్త స్పీకర్లు. ముందు సీటు కింద యాంప్లిఫయర్. డిక్కీలో ధమ్‌ధమ్మని మోగే సబ్‌వూఫర్. "సౌండు బయటికి కూడా గట్టిగా రావాలమ్మా" అన్నాడు బిల్డర్. వచ్చింది. దాంతోపాటు ఈ గోల కూడా వచ్చింది! ఎర్తింగ్ మార్చింది. వైర్లు మార్చింది. యాంప్లిఫయరే మార్చింది. ఆఖరికి వెనక సీటు కింద, గోలని అడ్డుకునే నాయిస్ ఫిల్టర్ ఒకటి తగిలించింది. అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. అదీ దండగే.

ఆయన మీద గట్టిగా కోప్పడటానికీ లేదు. భార్య కనిపించకుండా పోయి నెల దాటింది. టీవీలో ఏడ్చాడు. చూసినవాళ్ళంతా అయ్యో అన్నారు. "ఆవిడకి పాటలంటే పిచ్చమ్మా. తిరిగొచ్చేసరికి కారులో మంచి సెట్టు ఉండాలి" అంటుంటే, కౌంటర్ వెనక నిలబడ్డ వైరక్క మొగుడు కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

ఈ సాయంత్రం మళ్ళీ వచ్చాడు. "ఎక్కు. నీ చెవులతో నువ్వే విను" అన్నాడు. ఒక్కోసారి మొబైల్ వల్ల కూడా ఇలా అవుతుంది సార్ అని ఆమె అంటే, ఇద్దరి ఫోన్లూ ఆపేయించాడు. మెయిన్ రోడ్డు ఎక్కారో లేదో ఈ తెల్ల వ్యాను వెంటపడింది.

"ఎవరు సార్ వాళ్ళు?"

"ఇంకెవరు? నా భార్యని ఎత్తుకుపోయినవాళ్ళు!"



సందు చివర పాడుబడ్డ షెడ్డు. బిల్డర్ కారుని అందులోకి దూర్చేస్తాడు. లైట్లు ఆపుతాడు. ఇంజిన్ ఆపుతాడు. స్టీరియో స్క్రీన్ ఒక్కటే నీలంగా వెలుగుతోంది.

బయట ఇంజిన్ చప్పుడు... దగ్గరైంది... దాటిపోయింది.

"హమ్మయ్య" అంటుంది ఆమె.

టిటిక్... టిటిక్... టిటిక్... జ్‌ర్‌ర్‌ర్!

దాటిపోయిన వ్యాను ఆగుతుంది.

రివర్స్‌లో వెనక్కి వస్తోంది!

బిల్డర్ బూతు తిడుతూ తాళం తిప్పుతాడు. కారు షెడ్డు వెనక రేకు తలుపుని గుద్దుకుని అవతలి రోడ్డు మీదికి దూకుతుంది. వైరక్క అదేమీ చూడటం లేదు. స్క్రీన్ వైపే చూస్తోంది. వాల్యూమ్ సున్నా. పాట లేదు. తన ఫోను ఆపేసి ఉంది. ఆయనదీ ఆపేసి ఉంది.

మరి ఇది ఎవరి ఫోను?

"సార్... ఈ కారులో ఇంకో ఫోను ఉంది!"

"ఏంటీ?"

"ఫోనంటే ఫోను కాదు. సిమ్‌కార్డు వేసిన డబ్బా లాంటిదేదో. మనం ఎక్కడున్నామో వాళ్ళకి చెప్తోంది. అది కబురు పంపినప్పుడల్లా మన స్పీకర్లు మొత్తుకుంటున్నాయి! తప్పు నా వైరింగ్‌ది కాదు సార్!"

ఆ ఆఖరి మాట కాస్త గట్టిగానే వచ్చింది.

బిల్డర్ ఆశ్చర్యపోలేదు. దవడ మాత్రం బిగుసుకుంది.

"తియ్. ఎక్కడున్నా పీకెయ్!"

ఆమె సీట్ల మధ్య నుంచి వెనక్కి పాకుతుంది. చిన్న టార్చి పళ్ళతో పట్టుకుంటుంది. కారు అటూ ఇటూ ఊగుతోంది. కార్పెట్ లేపింది. ఏమీ లేదు. పక్క ప్లాస్టిక్ పట్టీ ఊడదీసింది. గోరు విరిగింది. ఏమీ లేదు! చిరాకుతో కళ్ళల్లో నీళ్ళొస్తాయి. సీటు దిండుని రెండు చేతులా పట్టుకుని పైకి గుంజుతుంది.

దొరికింది!

కుడి మూల. రేకుకి టేపుతో అతికించిన నల్ల డబ్బా. స్టీరియో నుంచి తను లాగిన సిగ్నల్ వైరు సరిగ్గా దాన్ని రాసుకుంటూ పోతోంది.

ఇదా! ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించింది ఇదా!

పీకి వెనక్కి తిప్పుతుంది. టార్చి వెలుగులో చిన్న అక్షరాలు.

'పోలీసు శాఖ ఆస్తి.'

కింద ఏదో నంబరు. చాటుగా పెట్టే వస్తువు మీద కూడా ముద్ర కొట్టకుండా ఉండలేకపోయారు! ఇంకో రోజయితే పగలబడి నవ్వేది.

పోలీసులా? పెళ్ళాం పోయి ఏడుస్తున్న మనిషి కారులో పోలీసులు దీన్ని ఎందుకు పెడతారు?

టార్చి పక్కకి జారుతుంది. సీటు ముందు ఒక గోనె సంచి. మూతి విడిపోయి ఉంది. బన్ను ప్యాకెట్లు. నీళ్ళ సీసాలు. ఒక ఆడవాళ్ళ నైటీ. వాటి కింద ఇనుప గొలుసు, కొత్త తాళంకప్ప.



ఈయన భార్య ఎక్కడికీ పోలేదు. ఎక్కడో ఉంది. బతికే ఉంది. ఈ డబ్బా పోతే చాలు... ఈయన నేరుగా అక్కడికే వెళ్తాడు!

"దొరికిందా?"

అద్దంలో ఆయన కళ్ళు. రెప్ప వేయడం లేదు.

 అబద్ధం చెప్పే టైము లేదు.

"దొ... దొరికింది సార్."

"చూపించు. చూపించి బయట పారెయ్!"

ఆమె చెయ్యి దిండు కిందికి వెళ్తుంది. తడుముతుంది. వేళ్ళకి నాయిస్ ఫిల్టర్ తగులుతుంది. అదే నలుపు. దాదాపు అదే సైజు. లాగేస్తుంది. ఊడిన వైరు కొసలు రెండూ చూడకుండానే కలిపేస్తుంది.

"ఇదిగోండి సార్!"

అద్దంలో కనిపించేలా ఎత్తుతుంది. కిటికీ అద్దం దించి విసిరేస్తుంది. వెనక వస్తున్న లారీ చక్రం కింద పటుక్కుమంటుంది.

అసలు డబ్బా ఇంకా అరచేతిలోనే ఉంది. ఉన్నచోటే వదిలేస్తే స్పీకర్లు మళ్ళీ అరుస్తాయి. సిగ్నల్ వైరుకి దూరంగా జరపాలి. ఎడమ మూలకి నెట్టి, పైన దిండు అదిమేస్తుంది.

సరిపోవాలి... ఈ దూరం సరిపోవాలి!

"పాట పెట్టమంటారా సార్?" కావాలనే అడుగుతుంది. పాట ఉంటే గోల కలిసిపోతుంది.

"వద్దు. ఊరికే విందాం."

ఖర్మ!

ఆయన స్పీడు తగ్గిస్తాడు. తల ఒకపక్కకి వంచి వింటున్నాడు. ఆమె ఊపిరి బిగబట్టింది. కారులో ఇంజిన్ మూలుగు తప్ప ఏమీ లేదు. ఇప్పుడొస్తుంది... ఇప్పుడొస్తుంది... ఎడమ తొడ కింద ఆ డబ్బా మేకులా గుచ్చుకుంటోంది.

రాలేదు.

"శభాష్ తల్లీ!" బిల్డర్ ముఖం విప్పారుతుంది. కారు రోడ్డు పక్కన ఆగుతుంది. "దిగు. ఇక్కడ ఆటోలు దొరుకుతాయి."

దిగుతుంది.  నడక మొదలుపెట్టింది.

"ఏమ్మా!"

ఆమె బిగుసుకుపోతుంది.

"సీటు కింద ఇంకేమైనా చూశావా?"

మెల్లగా తిరుగుతుంది. "వైర్లు తప్ప నా కళ్ళకి ఏం ఆనతాయి సార్? మీ గోల వదిలింది, అంతే చాలు."

ఆయన చాలాసేపు చూస్తాడు. తర్వాత నవ్వి, పనిముట్ల సంచి కిటికీలోంచి అందిస్తాడు.

"మర్చిపోయావు."

కారు కదిలిపోతుంది. లైట్లు లేకుండా!

ఆమె పరుగెత్తుకెళ్ళి నడిరోడ్డు మీద నిలబడుతుంది. రెండు చేతులూ చాపి. దూరంగా తెల్ల వ్యాను వస్తోంది. హారన్. ఆమె కదలదు. బ్రేకులు కీచుమంటాయి.

డోరు తెరుచుకుంటుంది. మఫ్టీలో ఉన్న లేడీ ఎస్సై కిందికి దూకుతుంది.

"చావాలనుందా? తప్పుకో!"

"డబ్బా కారులోనే ఉంది మేడమ్! మీది! నేను పారెయ్యలేదు!"

ఎస్సై ఒక్క క్షణం నోరు తెరిచి చూస్తుంది.

"ఎక్కు!"

వ్యానులో చిన్న స్క్రీన్. దాని మీద ఎర్ర చుక్క. పాకుతోంది.

"ఈ కారులో అయితే ఇల్లు, ఆఫీసు, నీ షాపు. ఇంకెక్కడికీ పోడు!" పళ్ళు కొరుకుతుంది ఎస్సై. "దగ్గరికెళ్తే పసిగడతాడు. దూరంగా ఉంటే కారు వదిలేసి ఇంకో బండి మీద మాయమవుతాడు. పైనుంచి రోజూ నాకు అక్షింతలు! ఇవాళ నిన్ను ఎక్కించుకుని ఊరిబయటికి పోతుంటే, నిన్ను కూడా చంపేస్తాడనుకున్నాం. అందుకే వెంటపడ్డాం."

"నాకోసమా?"

ఎస్సై స్క్రీన్ మీదికి వంగింది. చుక్క ఆగిపోయింది.

"ఏమైంది?"

"సిగ్నల్ పోయింది మేడమ్" అంటాడు డ్రైవింగ్ సీట్లోంచి కానిస్టేబుల్.

ఎదురుగా గోడౌన్లు. వరసలకి వరసలు. అన్నీ ఒకేలాంటి షట్టర్లు. ఒక్క దీపం లేదు.

ఎస్సై కిందికి దిగి టైరుని ఒక్క తన్ను తన్నుతుంది. "ఇందులో ఏదని వెతకను? తెల్లారిపోతుంది!"

"మేడమ్... ఇంజిన్ ఆపమనండి."

నిశ్శబ్దం.

ధమ్... ధమ్... ధమ్...

చెవికి కాదు, ముందు అరికాళ్ళకి తెలుస్తోంది. తర్వాత ఛాతీకి.

"నేను పెట్టిన సబ్‌వూఫరే! ఆ చివర!"

పరుగెడుతుంటే అర్థమవుతుంది ఆమెకి. కంపెనీ స్పీకర్లు ఆయనకి ఎందుకు చాలలేదో. బయటికి అంత సౌండు ఎందుకు కావాల్సొచ్చిందో. లోపల మనిషి ఎంత అరిచినా ఎవరికీ వినపడకూడదు! ఇన్నాళ్ళూ తను ఒళ్ళు హూనం చేసుకుని బిగించింది దానికోసమా?



అదిగో కారు. నాలుగు డోర్లూ బార్లా తెరిచి ఉన్నాయి. పాట గోడల్ని దడదడలాడిస్తోంది. పక్కనే సగం దించిన షట్టరు. ఎస్సై తుపాకీ తీసి, ఆగమని వెనక్కి సైగ చేస్తుంది. ఒక్కో అడుగే...

ఢాం!

లోపల్నుంచి!

వైరక్క అక్కడే కూలబడిపోతుంది. అయిపోయింది. ఇంత చేసీ... ఒక్క నిమిషం ఆలస్యం!

షట్టరు కదులుతుంది.

కింద ముందు ఒక పాదం. చెప్పుల్లేవు. చీలమండ చుట్టూ ఇనుప గొలుసు. ఈడ్చుకుంటూ వస్తోంది.

ఆడమనిషి!

చేతిలో తుపాకీ.

"కింద పడెయ్!" అరుస్తుంది ఎస్సై. "పోలీస్! పడెయ్!"

ఆవిడకి వినపడటం లేదు. పాట మోత అలా ఉంది. వైరక్క లేచి కారులోకి దూకి స్టీరియో ఆపేస్తుంది.

చెవులు గింగురుమంటాయి.

"ఏం కాదు తల్లీ" అంటుంది ఎస్సై మెత్తగా. "పోలీసులం. వచ్చేశాం. అది ఇటివ్వు."

ఆవిడ వాళ్ళని ఒక్కొక్కరినే చూస్తుంది. పెదాలు పగిలి ఉన్నాయి. 

"పాట ఇంకా పెంచాడు ఇవాళ. కొత్త స్పీకర్లట. గోడ అదిరి నా గొలుసు మేకు ఊడొచ్చింది. నేను వెనకాలే వచ్చి ఆయన నడుముకున్న తుపాకీ లాగినా... ఆయనకి చప్పుడు వినపడలేదు."

చెయ్యి చాపింది. తుపాకీ ఇవ్వబోతోంది.

అప్పుడు వినిపించింది. పాట లేదు కాబట్టి వినిపించింది. షట్టరు వెనక నుంచి, సన్నగా.

మూలుగు.

ఆవిడ చెయ్యి ఆగిపోతుంది. తల తిప్పి చీకట్లోకి చూస్తుంది.

"బతికే ఉన్నాడా?"

"వద్దమ్మా!" ఎస్సై ముందుకి దూకుతుంది. "వద్దు... ఆగు!"

గొలుసు గలగలమంటూ లోపలికి వెళ్ళిపోతుంది.

ఢాం!