నోవా కుడి సీటు

"నేను కొలిచి బిగించిన టైరు పైనున్న ఫెండరు రేకుకి రాసుకోవడమన్నది ఈ భూమ్మీద జరగలేదు, జరగదు," అన్నాడు కోల్బీ, మావయ్య టైర్ల షాపు ముందు తన పికప్ ఎక్కుతూ.

అన్న పదకొండో సెకనుకి పికప్ గేటు దగ్గర చిన్న గతుకు ఎక్కి దిగింది. వెనక చక్రం దగ్గర్నుంచి గర్ర్ర్‌మని ఒక అరుపు. నెబ్రాస్కాలో సగం ఆవులు మేత ఆపి తలెత్తి చూశాయి.

గేటు బయట అరవై తొమ్మిది మోడల్ నోవా కారు ఒకటి ఆగి ఉంది. అందులోంచి ఓ అమ్మాయి తల బయటపెట్టింది.

"జాకీ మీద లేపి కొలిచావు కదూ?"

"అవును. అయితే?"

"చక్రం గాల్లో వేలాడుతుంటే ఎవరికైనా బోలెడు ఖాళీ కనిపిస్తుంది. కిందికి దించి, బరువు పడ్డాక కొలవాలి. మా తాతయ్య నాకు ఆరేళ్లప్పుడే చెప్పాడు."

కోల్బీకి ఆ క్షణంలో రెండు పోయాయి. పరువు పోయింది, మనసు పోయింది. రెండోది పోయినందుకు పెద్దగా బాధ అనిపించలేదు.

ఆమె పేరు మారెన్. ఆ నోవా తాతయ్య పోతూ పోతూ ఆమెకిచ్చిన బండి. వెనకున్న సన్నటి టైర్లు తీసేసి వెడల్పువి వేయించాలని ఆయన ఇరవై ఏళ్లు అనుకున్నాడు, ఇరవై ఏళ్లూ వాయిదా వేశాడు. జూన్ మొదటి శనివారం జరిగే కార్ల ఊరేగింపులోపు ఆయన కోరిక తీర్చాలని మారెన్ పట్టు.

వాళ్ల ఊరు ఎల్మ్ ఫోర్క్‌లో ఆ ఊరేగింపు ఆషామాషీ వ్యవహారం కాదు. పాత కార్లన్నీ మెయిన్ స్ట్రీట్‌లో నడక వేగంతో రెండు చుట్లు తిరుగుతాయి. పెళ్లికాని వాళ్ల పక్క సీట్లో ఎవరు కనిపిస్తే, ఆ జంట ఖాయమైపోయిందని ఊరంతా తేల్చేస్తుంది. కిందటేడు ఒకడు ఎండకి తాళలేక ఎవరి బండో ఎక్కాడు. ఇప్పుడు వాళ్లకి కవలలు.

అందుకే కోల్బీ చేతులు టైర్ల మీదున్నా, కన్ను మాత్రం నోవా కుడి సీటు మీదే, అంటే డ్రైవరు పక్క సీటు మీదే ఉంది.

ఈసారి బండిని నేలమీద నిలబెట్టే కొలిచాడు. లోపల స్ప్రింగు పట్టీల దాకా, బయట ఫెండరు అంచు దాకా, మూడేసి సార్లు. అంచు దగ్గర వేలెడు ఖాళీ తక్కువైంది.

"అంచు లోపలికి మడవాలి," అన్నాడు. "టైరుకీ ఫెండరుకీ మధ్య బేస్‌బాల్ బ్యాట్ పెడతాను. నువ్వు బండిని మెల్లగా తొయ్యి. బ్యాట్ దొర్లుతూ అంచుని మడిచేస్తుంది."

"పెయింట్ పగిలిందో, ఆ బ్యాట్ తర్వాత నీ నెత్తిమీద దొర్లుతుంది."

ఆ మాట కోల్బీకి ప్రేమలేఖలా వినిపించింది. సరిగ్గా అప్పుడే బ్రైస్ దిగాడు.

బ్రైస్‌ది పక్క వీధిలో కార్ల షోరూమ్. పళ్లు ఎంత తెల్లగా ఉంటాయంటే, వాడు నవ్వితే ఎదురొచ్చే బండ్లవాళ్లు లైట్లు తగ్గిస్తారు.

"జరుగు మారెన్, నేను తోస్తాను. నీ చేతులు కందిపోతాయి."

"తొయ్యి. నాకేం?"

బ్యాట్ పట్టుకున్న కోల్బీకి, ఆ వస్తువుతో ఇంకా ఎన్నెన్ని పనులు చేయొచ్చో జీవితంలో మొదటిసారి తోచింది.

మర్నాడు బ్రైస్ కాఫీతో వచ్చాడు. ఆ మర్నాడు కారణం లేకుండానే వచ్చాడు. బుధవారం వచ్చి అడిగేశాడు.

"శనివారం నీ పక్క సీటు ఖాళీయేనా?"

"ముందు టైర్లు పూర్తవనీ," అంది మారెన్.

కాదనలేదు! ఆ ఉక్రోషంలో కోల్బీ ఒకే నట్టుని తొమ్మిదిసార్లు బిగించాడు.

"ఒరేయ్," అన్నాడు వెర్నన్ మావయ్య, "అది నట్టురా, బ్రైస్ మెడ కాదు."

ఆ సాయంత్రం కోల్బీ వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగ్ ఒకటి తీసుకుని, కుడివైపు ఫెండరు లోపల రహస్యంగా బిగించాడు. దాని గట్టి తోక టైరుకి చిటికెన వేలంత దూరంలో నిలబడింది. కుడి సీట్లో మనిషి కూర్చుంటే బండి ఆ పక్కకి దిగుతుంది, తోక టైరుకి తగులుతుంది.

గురువారం పొద్దున బండి బయటికి తీశారు. మారెన్ ఒక్కతే నడిపితే నోవా పిల్లిలా వెళ్లింది. బ్రైస్ ఎక్కాడు. టర్ర్ర్ర్!

కోల్బీ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "నేననుకున్నంతా అయింది. కుడి సీట్లో బరువు పనికిరాదు."

"నా బరువు వల్లేనా?" అన్నాడు బ్రైస్, పొట్ట లోపలికి లాక్కుంటూ.

"నీదనే కాదు బ్రదర్, ఎవరిదైనా. పిల్లి ఎక్కినా టైరు కోసుకుపోతుంది."

మారెన్ మొహం వాడిపోయింది. అది చూసి కోల్బీ గుండె కలుక్కుమంది. కానీ బ్రైస్ మొహం కూడా వాడింది కాబట్టి ఎలాగో తట్టుకున్నాడు.

శనివారం నాలుగింటికి నోవా షాపు ముందు ఆగింది. కుడి సీటు ఖాళీ.

"బ్రైస్‌కి రావద్దని చెప్పేశాను," అంది మారెన్.

"అయ్యో పాపం," అన్నాడు కోల్బీ, చెవులదాకా సాగిపోతున్న నవ్వుని గుడ్డతో తుడుచుకుంటూ.

"నిజానికి మొదట్నుంచీ నిన్నే కూర్చోమందామనుకున్నా. ఏం లాభం? ఎవరూ ఎక్కకూడదన్నావుగా."

కోల్బీ చేతిలోని గుడ్డ జారి కిందపడింది.

"అంటే... మనిషిని బట్టి ఉంటుంది. నేను పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

"పిల్లి కూడా ఎక్కకూడదన్నావు."

"అంటే బరువైన పిల్లి. తేలిగ్గా ఉండే పిల్లి అయితే..."

"కోల్బీ." ఆమె గుప్పిట విప్పింది. అరచేతిలో ప్లాస్టిక్ ట్యాగ్. "నిన్న అమ్మమ్మని చర్చిలో పాటల సాధనకి తీసుకెళ్లాను. టర్ర్‌మంది. ఆవిడ దిగి, వంగి, చెయ్యి పెట్టి దీన్ని పీకింది. డెబ్భై ఆరేళ్ల మనిషి! తర్వాత ఆవిడా, ఆవిడ స్నేహితురాళ్లు ముగ్గురూ ఎక్కారు. చప్పుడే లేదు."

కోల్బీ ఆ ట్యాగ్ తీసుకుని, అదింకా రహస్యమే అన్నట్టు వీపు వెనక దాచాడు.

"తాతయ్య అడిగిన ఒక్క పని కూడా సరిగ్గా చేయించలేకపోయానని గురువారమంతా ఏడ్చాను, తెలుసా?"

ఆ మాటతో అతని వేళాకోళమంతా గాలి తీసిన ట్యూబులా అయిపోయింది.

"తప్పు నాది," అన్నాడు. "టైర్లు బాగానే ఉన్నాయి. కొలతా బాగానే ఉంది. నేనే బాలేను. వాడు నీ పక్కన కూర్చుంటాడంటే ఓర్వలేకపోయా. నువ్వంటే నాకిష్టం. ఆ గేటు దగ్గర నా పరువు తీసినప్పట్నుంచీ."

మారెన్ చెయ్యి చాచి కుడి తలుపు తెరిచింది.

"ఎక్కు. ఇంకేం చేశావో దారిలో చెప్పు."

కోల్బీ ఎక్కాడు. నోవా కిక్కురుమనలేదు. మెయిన్ స్ట్రీట్ మలుపు తిరగ్గానే జనం వేళ్లతో చూపించడం మొదలుపెట్టారు.

"బ్రైస్ హారన్ వారం నుంచి బాతులా అరుస్తోంది కదా," అన్నాడు. "అది నేనే."

"ఇంకా?"

"సోమవారం నువ్వు బల్లమీద డోనట్ల డబ్బా పెట్టావే. వాడి కోసమనుకుని ఆరూ నేనే తినేశా. వాడికి ఒక్కటి కూడా దక్కకూడదని."

మారెన్ బ్రేక్ వేసింది. వెనక వస్తున్న పాత కార్లన్నీ ఆగిపోయాయి.

"అందులో చీటీ ఉంది. నీ పేరు రాసి పెట్టాను. శనివారం నాతో వస్తావా అని అడిగాను. చదవలేదా?"

కోల్బీ తల దించుకున్నాడు.

"మూడో డోనట్‌కి కాస్త పేపరు రుచి వచ్చింది," అన్నాడు. "కోపంలో నమిలేశాను."