మూడూ ఇరవై లిఫ్టు

సరిగ్గా మూడూ ఇరవైకి లిఫ్టు నాలుగో అంతస్తుకొచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఎవరూ లేరు. అల్లం టీ వాసన మాత్రం బయటికొచ్చింది.

హదస్సా ఒళ్ళు జలదరించింది. ఆఫీసు ఇక్కడికి మారిన దగ్గర్నుంచీ, పన్నెండు రోజులుగా ఇదే వరస. ఆ టైముకి ఆఫీసులోని ఇరవైమందిలో తను తప్ప అందరూ మొహాలు తిప్పేసుకుంటారు. ప్యాట్నీ సెంటర్ దగ్గరి ఈ పాత బిల్డింగులో, మొన్నటిదాకా ఈ అంతస్తు రికార్డు రూము. దాన్ని చూసుకునే పర్వతాలు సార్ రెండు నెలల కింద, ఆ కిటికీ పక్క కుర్చీలోనే కన్నుమూశాడు. అందులో ఇంకా ఎవరూ కూర్చోలేదు.

కొత్తగా చేరినవాళ్ళకి, చిక్కొస్తే బెదరకుండా ఆలోచించడం నేర్పడమే హదస్సా ఉద్యోగం. "ఐదుసార్లు ఎందుకు అని అడగండి, అసలు సంగతి దొరుకుతుంది" అని బోర్డు మీద రాసే మనిషి దయ్యానికి జడిస్తే ఏం బాగుంటుంది?

లిఫ్టు మెకానిక్ తిరుమల్ పనిముట్లు సర్దుకుంటున్నాడు.

"ఏమైనా దొరికిందా?"

"లేదు మేడం. రేపు మళ్ళా వస్తా."

"రోజూ ఇదే మాట! రేపటికి తేలకపోతే మీ కంపెనీని మార్చేస్తానన్నారు మా మేనేజరు రాఘవేందర్ సార్."

"గంతకంటే ముందు నన్ను తీసేస్తరు." తిరుమల్ నవ్వాడు. "కొన్నిటిని జెర గట్లనే వదిలెయ్యాలె మేడం."

హదస్సాకి మండింది. ఉద్యోగం పోతుంటే నవ్వేవాణ్ణి ఏమనాలి? పైగా ఆ నవ్వు బాగుండటం ఇంకా కోపం తెప్పించింది.

మర్నాడు బోర్డు ముందు తనే కూర్చుంది. లిఫ్టు ఎందుకొస్తోంది? లోపల ఎవరో నాలుగు నొక్కుతున్నారు. మరి ఖాళీగా ఎందుకుంటోంది? నొక్కి దిగిపోతున్నారు. అల్లం వాసన ఉండేది కింద టీ పొయ్యి దగ్గరే.

మూడూ పదిహేనుకి మెట్లు దిగింది. కింద చీకటిగా ఉంది. లిఫ్టులో తెల్లచీర ఆకారం ఒకటి అటు తిరిగి నిలబడి ఎవరితోనో మాట్లాడుతోంది.

"వేడిగున్నది సారూ, మెల్లగ తాగు."

హదస్సా ఒక మెట్టు వెనక్కి వేసింది. గోడ పట్టుకుని, "ఎవరది?" అంది.

ఆకారం నాలుగు నొక్కి బయటికొచ్చింది. టీ పెట్టే లచ్చమ్మ! చేతిలో పొగలు కక్కే గ్లాసు. లిఫ్టు ఖాళీగా పైకి వెళ్ళిపోయింది.

"పొయ్యి మీద పాలు ఇడిచి పైకి పోలేను బిడ్డా. పద్దెనిమిదేండ్లు సారుకు చాయ్ లిఫ్టులనే పంపిన. ఇప్పుడు గ్లాసు పంపుతలేను. లిఫ్టు సుత పోకుంటే సారు ఎదురుచూస్తడేమో అని పరేషాన్ అయితది." కళ్ళొత్తుకుంది. "తిరుమల్‌కు మూడోదినమే ఎరుకైంది. చెప్తే నా పని పోతదని బతిమాలిన."

హదస్సా రొప్పుతూ పైకొచ్చి తిరుమల్ ముందు నిలబడింది.

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"లచ్చమ్మ పని పోతది."

"మీది పోయినా ఎందుకు పట్టదు?"

"నాకు ఇంకోటి దొరుకుతది. ఆమెకు ఎవరిస్తరు?"

"ఆమెనైనా ఎందుకు ఆపలేదు?"

తిరుమల్ చెవులు ఎర్రబడ్డాయి. "ఆపితే నేను రోజూ వచ్చుడు బంద్ అయితది."

"ఎందుకు రావడం?"

"మిమ్మల్ని చూసేందుకు."

హదస్సా గిరుక్కున వెనక్కి తిరిగింది. తిన్నగా వెళ్ళి రిపోర్టు రాసింది. లిఫ్టులో లోపం లేదు. మూడూ ఇరవైకి అందరి టీ ట్రేలో పైకి పంపాలి, ఎవరూ కిందికి పరిగెత్తక్కర్లేదు. రాఘవేందర్ సార్ రెండుసార్లు చదివి, "ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదే!" అని సంతకం పెట్టాడు.

సోమవారం తిరుమల్ లిఫ్టులో ట్రే స్టాండు బిగించాడు. మూడూ ఇరవైకి ఇరవై రెండు గ్లాసులొచ్చాయి. హదస్సా ఒకటి కిటికీ పక్క కుర్చీ ముందు పెట్టి, ఇంకొకటి తిరుమల్‌కిచ్చింది.

"ఐదో 'ఎందుకు' మిగిలింది. నేనే ఎందుకు?"

"తలుపు తెరిస్తే అందరు మొకం తిప్పుకున్నరు. మీరొక్కరే భయపడుకుంట సుత చూసిండ్రు."

"అయితే రేపు కూడా రండి, లిఫ్టు బాగానే ఉన్నా."

ఇద్దరూ నవ్వి వెనక్కి తిరిగారు. కిటికీ పక్క గ్లాసు ఖాళీగా ఉంది. ఆ చుట్టుపక్కలకి ఎవరూ వెళ్ళలేదు.

ఈసారి హదస్సా ఎందుకని అడగలేదు.