పదకొండు గంటల రీస్టార్ట్

మేట్టుపాళయం ఆసుపత్రిలో ఏజెంట్ విగ్నేశ్ చావడానికి నలభై సెకన్లు పట్టింది. రోజంతా చుక్కచుక్కగా ఎక్కాల్సిన మందును మంచం పక్కనున్న పంపు ఒక్కసారిగా ఎక్కించేసింది. ఆ పంపును ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాడు కోయంబత్తూరులో, మూతపడ్డ మిల్లు ఆఫీసులో చీఫ్ జగన్నాథ ఫైలు తెరిచాడు. ఆసుపత్రి సర్వర్లలోకి దూరి పంపులను నడిపే ప్రోగ్రామ్‌ను ఒక విదేశీ ముఠా తయారుచేసింది. తరువాతి టార్గెట్ ధనమ్మాళ్. మదురైలో ఐసీయూలో ఉంది. ముఠా మీద సాక్ష్యం చెప్పగల మనిషి ఆమె ఒక్కతే.

"విగ్నేశ్ బెడ్ నంబరు మనలో తెలిసింది ముగ్గురికే కణ్ణమ్మా. నాకు, నీకు, మదురైలో మన ఏజెంట్ శ్రీమతికి," అన్నాడు జగన్నాథ.

"సరింగ సార్," అని ఏజెంట్ దర్శిని లేచింది.

మదురై మాట్టుతావణి బస్టాండులో శ్రీమతి ఎదురొచ్చింది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు. కాలీఫ్లవర్ ధర అడిగితే బీట్‌రూట్ ధర చెప్పాలన్నది కోడ్. తడుముకోకుండా చెప్పింది. తాను కోయంబత్తూరు పీళమేడులో పుట్టానంటూ దారంతా అచ్చం అక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో మాట్లాడే తెలుగే మాట్లాడింది.

కంప్యూటర్ సర్వీస్ యూనిఫామ్‌లో దర్శిని, ఆమె వెనకే శ్రీమతి ఆసుపత్రి సర్వర్ రూమ్‌లోకి వెళ్లారు. ఫ్యాన్ హోరెత్తుతోంది. దర్శిని తన ల్యాప్‌టాప్‌ను వైఫైతో సర్వర్‌కు కలిపి, నడుస్తున్న ప్రోగ్రామ్‌లను చూపే టాస్క్ మేనేజర్ విండో తెరిచింది. సీపీయూ తొంభై ఎనిమిది శాతం నుంచి నాలుగుకు పడిపోయింది. ఫ్యాన్ అణిగింది. విండో మూసింది. మళ్లీ హోరు. వెంటనే తెరిచింది.

ఎవరైనా చూస్తే ఆ ప్రోగ్రామ్ నిద్ర నటిస్తోంది. లిస్టులో దాని పేరు కూడా కనిపించదు. ఈ విండో తెరిచి ఉన్నంతసేపే ధనమ్మాళ్ బతుకుతుంది. కానీ పదకొండుకు సర్వర్ రీస్టార్ట్ అయ్యేలా ముఠా ముందే పెట్టింది. అప్పుడు విండో మూతపడుతుంది. పంపు పీకేస్తే మందు అందక ఆమె గుండె ఆగుతుంది. ప్రోగ్రామ్‌ను చంపడానికి పాస్‌వర్డ్ కావాలి. టైము పదీ నలభై.

దర్శిని జేబులోంచి ఒక కాగితం తీసి శ్రీమతి ముందు పెట్టింది. దాని మీద తెలుగులో ఒకే వాక్యం ఉంది. "నీ వెనక తుపాకీ ఉంది."

శ్రీమతి చటుక్కున వెనక్కి తిరిగింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు. మళ్లీ ఇటు తిరిగేసరికి తుపాకీ దర్శిని చేతిలో ఉంది.

"ఎట్ల చదివినావక్కా? మన ఇండ్లలో తెలుగు మాట్లాడేదే. బడిలో చదివింది తమిళం. తెలుగు చదివేది మా అవ్వకు రాదు, అమ్మకు రాదు, నాకూ రాదు. ఆంధ్రా డాక్టరమ్మతో రాయించుకొని వచ్చినా. మీ ముఠాలో నీకు నేర్పించినోళ్లు రొంబ బాగా నేర్పించినారు."

విండో తెరిచే ఉంచిన ల్యాప్‌టాప్‌తో దర్శిని ఆమెను తుపాకీ చూపి ఐసీయూలోకి నడిపించి, నర్సులను బయటికి పంపింది. ధనమ్మాళ్ పక్క బెడ్డు ఖాళీగా ఉంది. దర్శిని శ్రీమతిని దానికి కట్టేసింది. ఆమె చేతికి గుచ్చిన సూది రెండుసార్లు నరం తప్పింది. దర్శిని తొందరపడలేదు, మూడోసారి గుచ్చింది. అదే మందు, అదే సర్వర్ నడిపే పంపు.

"పదకొండుకు ఆ పెద్దామె కూడా చస్తుంది," అంది శ్రీమతి.

"చస్తుంది. నువ్వు చూడలేవు."

గొంతులో గొట్టంతో ధనమ్మాళ్ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. పదీ యాభై తొమ్మిదికి శ్రీమతి ఒక పాస్‌వర్డ్ చెప్పింది. తప్పు. దర్శిని కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఇరవై సెకన్లు. పది. శ్రీమతి చెమటతో తడిసిపోయి ఇంకో పాస్‌వర్డ్ గొణిగింది. మూడు సెకన్లు మిగిలి ఉండగా దర్శిని ఎంటర్ నొక్కింది.

స్క్రీన్ నల్లబడింది. తిరిగి వెలిగింది. రెండు పంపుల్లోనూ మందు చుక్కచుక్కగానే దిగుతోంది.

ఫోన్ మోగింది. ధనమ్మాళ్ క్షేమమేనా అని జగన్నాథ అడిగాడు. క్షేమమేనని దర్శిని చెప్పింది.

"శ్రీమతి ముఠా నాయకుడి పేరు చెప్పిందా?"

పక్కన శ్రీమతి సూది తీయమని బతిమాలుతోంది.

"నేను ఇంకా అడగనే లేదుంగ సార్," అని దర్శిని శ్రీమతి పంపు వేగం ఒక గీత పెంచింది.