పాస్టరుగారి అమ్మాయి చెప్పిన చరిత్ర

రేవులో పక్కపక్కనే మూడు చర్చిలు. మొదటిది కళాసీలు పాత ఓడల చెక్కలతో కట్టుకున్నది. వాళ్ల పక్కన కూర్చోలేక ఓడల యజమానులు రాతితో లేపింది రెండోది. మూడోది రెండోదానికి వీపు చూపిస్తూ ఉంటుంది.

ఎందుకలా అని సందర్శకులు అడిగితే, వాళ్లను తిప్పి చూపించే పాస్టరుగారి అమ్మాయి ముందు నిట్టూర్చేది. ఆ యజమానుల్లో అన్నదమ్ములిద్దరు ఒకే పిల్లని ప్రేమించారట. ఓడిన తమ్ముడు అలిగి, అన్న కట్టించిన చర్చికి వీపు తిప్పి తనదొకటి కట్టించాడట. వినేవాళ్లు కళ్లు తుడుచుకునేవారు.

ఆ శనివారం మూడో చర్చిలో కథ సరిగ్గా కన్నీళ్ల దాకా వచ్చేసరికి ఆర్గన్ లోపల్నించి తుమ్ము వినిపించింది. వెనకే దుమ్ము కొట్టుకుపోయిన తల ఒకటి బయటికొచ్చింది.

"ప్రేమా లేదు, దోమా లేదండీ. ఉప్పుగాలికి ఆర్గన్ పాడవుతుందని గుమ్మం సముద్రం వైపు కాకుండా పెట్టారంతే."

జనం నవ్వారు. ఆమె ముఖం కందగడ్డయింది. ఆర్గన్ బాగుచేయడానికి దూరపు ఊరి నుంచి వచ్చిన మెకానిక్కట. దేవుడి ఇంట్లో అబద్ధాలేమిటని అతను, అడగని మాటలో దూరడమేమిటని ఆమె, చాలాసేపే వాదించుకున్నారు.

మర్నాడు అతను సారీ చెప్పబోతే, అంత తెలిస్తే సందర్శకుల్ని నువ్వే తిప్పమంది. తిప్పాడు. సున్నం గురించీ గోడల మందం గురించీ చెబుతుంటే ఒక పెద్దాయన స్తంభానికి ఆనుకుని గురక పెట్టాడు. జాలేసి ఆమె అందుకుంది. ఈసారి అన్నదమ్ముల చేతికి కత్తులు కూడా ఇచ్చింది. అతను పక్కనే నిలబడి, అవునవును, పెద్ద కత్తులే అన్నాడు.

అక్కడి నుంచి ఆమె రోజూ ఆర్గన్ దగ్గర తేలేది. అతను గొట్టాలు తుడిచేవాడు, ఆమె మెట్లు నొక్కేది. అతను పాత తాపీమేస్త్రీల గురించి నిజాలు చెబితే, ఆమె వాళ్లందరికీ ప్రియురాళ్లను కుదిర్చేది.

పని అయిపోయింది. సోమవారం వెళ్తున్నానన్నాడు. జాగ్రత్తగా వెళ్లమంది. మిగతా మాట ఇద్దరికీ నోట్లోనే ఉండిపోయింది.

ఆదివారం నిండు చర్చిలో మొదటి పాటకే ఆర్గన్ ఉబ్బసం రోగిలా ఈల వేసి ఆగిపోయింది. మెకానిక్కు పరిగెత్తుకెళ్లి పెద్ద గొట్టంలో చెయ్యి పెట్టి లాగాడు. నీలం చున్నీ. లాగేకొద్దీ వస్తూనే ఉంది. కూతురికి దాన్ని కొనిచ్చిన పాస్టరుగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఎలుక లాక్కొచ్చుంటుందండీ," అన్నాడు మెకానిక్కు, తల వంచుకుని.

ఆమె లేచి నిలబడింది. "ఎలుక కాదు నాన్నా, నేనే కుక్కాను. బాగైపోతే వెళ్లిపోతాడుగా."

పాస్టరుగారి ఏ ప్రసంగాన్నీ జనం అంత శ్రద్ధగా విన్నది లేదు. ఆయన మెకానిక్కు వైపు తిరిగారు.

"నీ సంగతేంటి బాబూ?"

"నిన్ననే టికెట్ రద్దు చేసుకున్నానండీ. ఆవిడకి చెప్పడానికే ధైర్యం చాల్లేదు."

పాస్టరుగారు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. "మీ పెద్దవాళ్లని తీసుకురా. ముందు పాట కానివ్వండి."

ఆమె ముందుకెళ్లి చెయ్యి చాచింది. అతను చున్నీ ఇచ్చాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. జనం ఆర్గన్ కోసం ఆగకుండా, తలో శ్రుతిలో, గొంతెత్తి పాట అందుకున్నారు.