నలభయ్యో తోడు

మదనపల్లె టమోటా మార్కెట్లో ఖాళీ పెట్టెల వెనక జగదీష్ శవం కనిపించేసరికి ఉదయం ఏడయింది. వేలం పాట అప్పుడే ఊపందుకుంది. మెడ మీద సూది గుచ్చిన చిన్న చుక్క తప్ప ఒంటి మీద గాయమనేది లేదు. చొక్కా జేబులో ఒక చీటీ ఉంది. "పాఠం ఏడు. నలభై." అంతే.

పదకొండింటికి బస్టాండు ఎదుటి లాడ్జిలో, రెండో అంతస్తు గది తలుపు తట్టింది యమున.

"టమోటా ఎంత?" లోపలి నుంచి ప్రశ్న.

"పెట్టె ధరా, కిలో ధరా?"

తలుపు తెరుచుకుంది. యూనిట్ నైన్ చీఫ్ గోపాలస్వామి కుర్చీ చూపించాడు. కూర్చోమని నోటితో అనడం ఆయనకు అలవాటు లేదు.

"చనిపోయినవాడు కోడర్. 'మొలక' అనే యాప్ రాశాడు. బిట్‌కాయిన్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు నేర్పే వాలెట్, ఫోన్లో ఉండే పర్సు లాంటిది. బొమ్మ నాణేలతో పాఠాలు. చూడ్డానికి పలకా బలపం అంత అమాయకంగా ఉంటుంది."

"వెనక ఎవరు?"

"నీలి గొడుగు."

యమున వెన్ను నిటారుగా అయింది. నీలి గొడుగు విదేశీ ముఠా. ఆసుపత్రుల కంప్యూటర్లకు తాళం వేసి, రోగుల ప్రాణాలు అడ్డం పెట్టి బిట్‌కాయిన్లు గుంజుతుంది.

"ఆ దొంగ సొమ్ము కడగడానికి వాళ్లకు అమాయకుల వాలెట్లు కావాలి. ఏ రోజు, ఎలా అన్నది చెప్పడానికే జగదీష్ మనల్ని కలవాలనుకున్నాడు. నువ్వు వాళ్ల టీమ్‌లో చేరుతున్నావు. యూజర్ రీసెర్చర్. పేరు నందిని. చౌడేపల్లె దగ్గర పాలు పోసే ఆడవాళ్లు నలభై మంది నీ పార్టిసిపెంట్స్. ప్రశ్నలు అడుగు, జవాబులు రాయి, కళ్లు తెరుచుకుని ఉండు."

"లోపల మనవాళ్లు?"

"ఒకరున్నారు. కోడ్ నేమ్ మల్లె. అసలు పేరు ప్రీతి. వాళ్ల డిజైన్ హెడ్. రెండేళ్లుగా మనకే పని చేస్తోంది." ఒక పెన్ను ముందుకు తోశాడు. "మాటలన్నీ ఇందులో రికార్డవుతాయి. కాపీ మల్లెకు కూడా వెళుతుంది."

యమునకు నలభై రెండేళ్లు. పదకొండేళ్లలో ఎనిమిది పేర్లు మార్చింది. నందిని తొమ్మిదోది. కొత్త పేరు తొడుక్కోవడం ఆమెకు ఉతికిన చీర కట్టుకున్నంత తేలిక. విప్పాకే, లోపల ఎవరున్నారో గుర్తు తెచ్చుకోవడానికి రోజురోజుకీ ఎక్కువసేపు పడుతోంది.

పుంగనూరులో ఒక గది అద్దెకు తీసుకుని మూడు వారాలు ఆ పల్లె చుట్టూ తిరిగింది. అరుగుల మీద, పశువుల పాకల్లో, పొయ్యిల పక్కన కూర్చుంది. ఫోన్లో మీకు అర్థం కానిది ఏమిటి? తప్పు నొక్కితే ఎవరిని పిలుస్తారు? ఎవరిని అడగడానికి సిగ్గుపడతారు? అందరూ విప్పి చెప్పారు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని తన గురించే అడుగుతూ, చెప్పిందల్లా రాసుకుంటూ ఉంటే ఎవరు మాత్రం చెప్పరు? సాయంత్రం గదికి వచ్చి ఒక ప్లేటు, ఒక గ్లాసు కడుక్కుని బోర్లించేది. ఆ గదిలో ఆమెను ఏమీ అడిగేవాళ్లు లేరు.

ఆరో పాఠం చివర యాప్ ఒక పేరు అడిగింది. 'మీ ఫోన్ పోతే, మీ వాలెట్ తాళం మళ్లీ మీకు ఇప్పించే ఒక్క మనిషి ఎవరు?' యాప్ ఆ మనిషికి 'తోడు' అని పేరు పెట్టింది.

ముప్పై తొమ్మిది మంది ఆడవాళ్లు ఒకే పేరు రాశారు. బుజ్జమ్మ.

బుజ్జమ్మ పాల కేంద్రంలో పాలు కొలిచే మనిషి. ఊళ్లో గ్యాస్ బండకు, పిల్లల బడికి, బ్యాంకుకు, ఆసుపత్రికి ఏ కాగితం మీదైనా ఆమె నంబరే ఉంటుంది. నంబర్లు మారినా, భర్తలు అలిగినా బుజ్జమ్మ ఫోన్ మాత్రం ఎత్తుతుంది. ఎవరి వాలెట్ విషయమైనా ఆమె తన ఫోన్లో 'ఔను' నొక్కితేనే సాగుతుంది.

"ఊరంతా ఒకే పేరు రాస్తే ఎట్లక్కా?" అంది యమున.

"ఇంగెవురి పేరు రాస్తారు? మొగుళ్లవా?" క్యాను దించుతూ అంది రత్నమ్మ. లైన్లో ఎప్పుడూ ముందుండేది రత్నమ్మే. "నా మొగునికి నా పుట్టినరోజే తెల్దు, నా తాళం యాడ పెట్టేది తెలుస్తాదా!"

లైన్లో అందరూ నవ్వారు. బుజ్జమ్మ నవ్వలేదు. పాలు కొలుస్తూనే చెప్పింది. "నేను ఊరికే నొక్కను సూడమ్మా. ఫోన్లో అడిగితే నొక్కను. మనిషి వచ్చి ఈడ నా ఎదురుగా నిలబడాల. మొగం సూసి నొక్కుతా."

"మరి నీ తోడు ఎవరక్కా? నీ గడి ఖాళీగా ఉంది."

బుజ్జమ్మ కొలత పాత్ర పక్కన పెట్టింది. "అందురూ నా పేరు రాసినారు. నేనెవురి పేరు రాసేది?" యమున వైపు తిరిగింది. "నీ పేరు రాసేదా?"

"నేను ఇక్కడ ఉండేదాన్ని కాదు కదక్కా."

"అదీ నిజమే." పాత్ర మళ్లీ చేతికి తీసుకుంది. "తిన్నావా అమ్మా?"

"తిన్నా" అంది యమున. తినలేదు. తొమ్మిది పేర్లతోనూ ఆ ప్రశ్నకు ఆమె చెప్పే అబద్ధం అదొక్కటే.

ఆ సాయంత్రం నోట్స్‌లో నిజాయితీగా రాసింది. 'బుజ్జమ్మ మనిషి ఎదురుగా నిలబడితేనే నొక్కుతుంది. అందరూ ఎదురుగా నిలబడేది పాల వేళ.' మంచి పరిశీలన అనుకుంది. ఆఫీసుకు పంపించింది.

నాలుగో సోమవారం కుప్పంలో ఉన్న టీమ్ ఆఫీసుకు రమ్మని ప్రీతి నుంచి మెసేజ్. 'రిపోర్ట్ ఫైనల్ చేద్దాం. మూడున్నరకు.'

యమున బండి మీద వెళ్లింది. కుప్పం ఆఫీసులో ఎవరూ లేరు. ఏసీ ఇంకా నడుస్తోంది. టీమ్‌లో చేరిన రోజు ప్రీతి దగ్గర తగిలిన సెంటు వాసన గదిలో అలాగే ఉంది. ఎర్రటి ఎండలోనూ కాటుక చెదరని మనిషి, నడిస్తే గది మొత్తం తనవైపు తిరిగే మనిషి, హడావిడిగా వెళ్లిందనడానికి గుర్తుగా ఒక చెవి జూకా బల్ల మీద మర్చిపోయింది.

గోడ నిండా రంగు రంగుల చీటీలు. మూడు వారాల జవాబులు. మధ్యలో యమున రాసిన వాక్యం చుట్టూ ఎర్రగా గీసి ఉంది. దాని కింద ప్రీతి చేతిరాత. 'పాఠం ఏడు. ఈ రోజు. గడువు 6:30.'

యమున గోపాలస్వామికి ఫోన్ చేసింది. ఆయన ఒక్క నిమిషం కంప్యూటర్ చూసి చెప్పాడు. ఈసారి గొంతులో ధీమా లేదు.

"పాఠం ఏడుతో ఆ వాలెట్లు నిజమైనవి అవుతాయి. ఆసుపత్రుల సొమ్మంతా నలభై వాలెట్ల గుండా ఒకే కట్టగా బయటికి పోతుంది. నలభై సంతకాలూ పడాలి. ఒక్కటి తగ్గినా కట్ట మొత్తం చెల్లదు. పడ్డాయో, కాగితాల మీద దొంగలు ఆ ఆడవాళ్లే. నలభై ఇళ్లకూ పోలీసులు వెళతారు."

"పుంగనూరు స్టేషన్‌కి చెప్పండి."

"మల్లె మనల్ని అమ్మేసింది, యమునా. స్టేషన్లకు మనం పంపే ప్రతి కబురూ ఆమెకు చేరుతుంది. మనం కదిలితే ఆమె తొందరపడుతుంది. నువ్వే వెళ్లు."

టైము నాలుగూ పది. బండి ఎక్కే ముందు బుజ్జమ్మకు చేసింది.

"అక్కా, నేను నందినిని. ఈ రోజు ఎవరికీ నొక్కొద్దు."

అవతల నుంచి బుజ్జమ్మ. "ఇప్పుడే గదమ్మా ఫోన్ చేసి, నా గొంతుతోనే ఇంకొకరు చేస్తారు, నమ్మొద్దు అంటివి? నువ్వేనా ఆ ఇంకొకరు?"

ఫోన్ పెట్టేసింది.

యమునకు చేతిలో పెన్ను బరువుగా అనిపించింది. మూడు వారాల మాటలు. అన్ని గంటల తన గొంతు. దాన్ని మెషీన్‌కు పోసి, ప్రీతి ఇంకో నందినిని తయారు చేసుకుంది. తొమ్మిది పేర్లు మార్చినా ఇన్నాళ్లూ గొంతు ఒక్కటీ తనదే అనుకుంది. ఇప్పుడు అదీ కాదు.

వి.కోట దాటింది. బైరెడ్డిపల్లె దగ్గర గొర్రెల మంద రోడ్డు నిండా పరుచుకుని పావుగంట మింగేసింది. పలమనేరులో లారీల వెనక ఇంకొంత. దారి పొడుగునా ఒక్కటే ఆలోచన. మంచి పరిశీలన అనుకుని రాసిన ఒక్క వాక్యం, నలభై ఇళ్ల తలుపులు తెరిచింది. పుంగనూరు దాటేసరికి ఆరూ పది. ఎదురుగాలికి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. గాలికే అనుకుంది.

పాల కేంద్రం ముందు లైను అయిపోయింది. ముప్పై తొమ్మిది మంది నిలబడ్డారు, ముప్పై తొమ్మిది సార్లు 'ఔను' పడింది. క్యాన్లు పక్కన పెట్టుకుని ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. మధ్యలో ప్రీతి, నీలం పట్టు కుర్తా, ఒక చెవికి మాత్రమే జూకా.

"ఇక మీదే, బుజ్జమ్మగారూ. మీ తోడుగా నా పేరు పెట్టి నొక్కేయండి. రెండు నిమిషాలే టైముంది."

"నువ్వెవురో నాకు తెల్దు గదమ్మా. నీ పేరు నేనెట్ల రాసేది?"

"నందిని పంపిందండీ నన్ను."

"అయితే నందినినే రమ్మను. రాస్తే ఆయమ్మ పేరే రాస్తా. ఈడొచ్చి నిలబడాల."

ప్రీతి తన ఫోన్ మీద వేలు ఆనించింది. బుజ్జమ్మ చేతిలో ఫోన్ మోగింది. స్పీకర్ లోంచి నందిని గొంతు, మెత్తగా, చనువుగా.

"బుజ్జమ్మక్కా, నేనే. రాలేకపోతున్నా. ప్రీతి పేరు రాసెయ్ అక్కా, నా మాట విను."

బుజ్జమ్మ తటపటాయించింది. ఆ గొంతంటే ఆమెకు ఇష్టం. వేలు అద్దం మీదికి దిగింది.

"అక్కా!"

అదే గొంతు, ఈసారి రోడ్డు మీది నుంచి. బండి పడిపోతే పడిపోనిచ్చి యమున పరుగెత్తుకొచ్చింది. తలంతా దుమ్ము, మోకాలి దగ్గర చీర చిరిగింది. వచ్చి బుజ్జమ్మ ఎదురుగా, అందరూ నిలబడే చోటే నిలబడింది.

"వచ్చినానక్కా. నొక్కొద్దు."

ఫోన్లో నందిని ఇంకా మాట్లాడుతూనే ఉంది. బుజ్జమ్మ ఫోన్ వైపు చూసింది, మనిషి వైపు చూసింది. ఫోన్ను పాల క్యాను మూత కింద బోర్లించింది. గొంతు అణిగిపోయింది.

ప్రీతి హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది. అరచేతిలో ఇమిడేంత చిన్నది. "ఆ మూత తియ్యి. నొక్కు."

ఆమె మాట పూర్తి కాకముందే రత్నమ్మ బకెట్‌తో పాలు మొహాన కొట్టింది. పిస్టల్ ఆకాశం వైపు పేలింది. చింతచెట్టు మీది కాకులు ఒక్కసారిగా లేచాయి. కళ్లు తెరిచేలోగా ప్రీతి చెయ్యి యమున చేతిలో వెనక్కి మెలితిరిగి ఉంది. మొదటిసారి ఆ కాటుక చెదిరింది.

"సాయంత్రం పాలన్నీ!" అంది రత్నమ్మ ఖాళీ బకెట్ చూసుకుంటూ. "ఇంత మంచి పాలతో దొంగల మొగాలు కడగాల్నా!"

బుజ్జమ్మ మూత తీసి చూసింది. ఫోన్ మీద అక్షరాలు. '39/40. గడువు ముగిసింది. చెల్లదు.'

"ఈ ఫోన్లో నందినికి కాళ్లు లేవు" అంది బుజ్జమ్మ. తర్వాత యమునను పైనుంచి కిందికి చూసింది. "తిన్నావా?"

"లేదక్కా" అంది యమున.

ఆ రాత్రే గోపాలస్వామి మనుషులు వచ్చి ప్రీతిని, పెన్నును, నందిని అనే పేరును పట్టుకుపోయారు. అసలు పేరు చెప్పే అధికారం యమునకు లేదు. చెప్పకుండానే వెళ్లిపోయింది.

నెల తర్వాత ప్రభుత్వం ఆ యాప్‌ను కడిగి శుభ్రం చేసి, పాఠాల వరకే మిగిల్చి మళ్లీ జనానికి ఇచ్చింది. మొదట పరీక్షించే పని యూనిట్ నైన్‌కే పడింది. హైదరాబాద్‌లో ఒంటరి గదిలో, కడిగిన ప్లేటు బోర్లించి, యమున ఆరో పాఠం దాకా వచ్చింది. గడి ఖాళీగా మెరుస్తోంది. మీ తోడు ఎవరు?

పది నిమిషాలు చూసింది. తన పేరు దగ్గర, పదకొండేళ్లలో మొదటిసారి, యమున అని రాసింది. తోడు దగ్గర బుజ్జమ్మ నంబరు పెట్టి పంపింది.

గంట తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక క్యాన్ల చప్పుడు, రత్నమ్మ నవ్వు.

"ఎవురమ్మా నువ్వు? యమున అంటే నాకు తెల్దు. నేను ఊరికే నొక్కను. పాల యాళకు వచ్చి ఎదురుగా నిలబడు, మొగం సూసి చెప్తా. వచ్చేటప్పుడు తినకుండా రా."

యూనిట్ నైన్ రికార్డుల్లో ఆ అభ్యర్థన ఇప్పటికీ పెండింగ్‌లోనే ఉంది. ఏజెంట్ యమున సెలవు చీటీ మాత్రం ఆ సాయంత్రమే మంజూరైంది. అందులో కారణం: ఫీల్డ్ వెరిఫికేషన్.