ఎరుపు తీసేసిన పేజీ

కొల్లేటి లంకల్లో వాన పట్టుకుందంటే మధ్యాహ్నమే చీకటి. పడవల సంఘం ఆఫీసులో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ వెలుగులో జ్యోత్స్న కూర్చునుంది. ఆమె మొగుడు ఫణికిరణ్ సంఘానికి సెక్రటరీ. తాడేపల్లిగూడెంలో కంప్యూటర్ చదువుకున్న పెళ్ళాం ఇంట్లో ఉండగా బయటివాళ్లెందుకని, పక్షుల్ని చూడ్డానికొచ్చే జనం కోసం సంఘం వెబ్‌సైటు ఆమెచేతే చేయించాడు. పడవవాళ్లు ఏ పూట సంగతి ఆ పూట తెలుగులో రాసుకోవడానికి అందులో ఒక ఎడిటర్ కూడా అమర్చింది. అక్షరాలు లావు చేసే బటన్, ఫొటో పెట్టే బటన్, రంగులేసే బటన్, అన్నీ.

రంగుల బటనంటే వీరాస్వామికి ప్రాణం. పెద్ద పడవ నడిపేవాడు. గాలి మళ్లినా, గుర్రపుడెక్క అడ్డుపడినా ఎర్రక్షరాల్లోనే రాసేవాడు. "ఎరుపైతే తొందరలో ఉన్నోడు కూడా ఆగుతాడండి అమ్మాయిగారూ," అనేవాడు.

వీరాస్వామి బాబుగారని పిలిచే ఫణికిరణ్‌కి ఆ ఎరుపు గిట్టలేదు. జనం బెదిరిపోతున్నారు, తీసెయ్యమన్నాడు. బటన్ తీసేసింది. వీరాస్వామి ఊరుకునే రకమా! పాత ఎర్ర లైను కాపీ చేసి, దాని మీదే కొత్త మాట రాసేవాడు. చేసేది లేక ఆమె ఒక రూలు పెట్టింది: ఎరుపు వస్తే పేజీలో నలుపుగా చూపించు, మాట మాత్రం పోనివ్వకు.

ఆ వీరాస్వామే మునిగిపోయాడు. పెద్ద పడవ నడికొల్లేట్లో మునుగుతుంటే ఎక్కినవాళ్లందర్నీ గట్టెక్కించి, తను నీళ్లలో ఉండిపోయాడు. తాగి నడిపాడని ఫణికిరణ్ అన్నాడు. ఊరు నమ్మింది. జ్యోత్స్నా నమ్మింది, మొగుడి మాట కదా.

ఇవాళ పెద్దకర్మ. గట్టు మీద పిండం పెట్టి చుట్టాలంతా తడుస్తూ వెళ్లిపోయారు. కాకి ముట్టలేదు. వీరాస్వామి పెళ్ళాం మరిడమ్మ మాత్రం గొడుగేసుకుని అక్కడే కూర్చుంది. "తాగుబోతన్న పేరు మోసుకుని ఎలా పోతాడమ్మా?" అని పొద్దుట్నుంచీ అదే మాట.

ఫణికిరణ్ పక్కగదిలోంచి కేకేశాడు. "అయిందా? ప్రమాదం సంగతి సాయంత్రానికి పేజీలో ఉండాలి."

జ్యోత్స్న టైపు చేసింది. 'మద్యం మత్తులో పడవ నడపడం వల్ల...'

కింద ఇంకో లైను పడింది.

'తాగలేదండి.'

ఎర్రగా ఉంది... ఆ ఎడిటర్లో ఎరుపు బటనే లేదు. తనే తీసేసింది.

చెరిపింది. మళ్లీ వచ్చింది. చెరిపింది. నాచు కంపు, చేపల నీచు గుప్పుమన్నాయి. కీబోర్డు తడిగా తగిలింది... పైన చూస్తే కప్పు కారడం లేదు.

'తాగలేదండి అమ్మాయిగారూ. రూలు చూడండి.'

సెట్టింగులు తెరిచింది. తను పెట్టిన రూలు మారిపోయి ఉంది. ఎరుపుంటే లైనుకి లైనే పేజీలో కనపడకుండా దాచెయ్యమని. మార్చింది పడవ మునగడానికి ముందు రోజు, జ్యోత్స్న పేరుతోనే. ఆ పాస్‌వర్డు తెలిసిన రెండో మనిషి పక్కగదిలో ఉన్నాడు.

"ఏవండీ... ఇది మీరు మార్చారా?"

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "సెలవులు. జనం వచ్చే రోజులు. ఒక్కరోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను."

"నా పేరుతోనా?"

దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "నీ పేరుతోనే. అందుకే నోరు మూసుకో. బయటపడితే కటకటాల వెనక్కి వెళ్లేది నువ్వు."

తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఇదేనా? ఈ మనిషికేనా నేను కళ్లు మూసుకుని పాస్‌వర్డు చెప్పింది! ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. అతని కళ్లముందే రూలు తీసేసి సేవ్ నొక్కింది. ఫోన్లో పేజీ తెరిచి గట్టు మీదకి పరిగెత్తింది.

వీరాస్వామి ఆ ముందు రోజు రాసిన లైను పేజీలో బయటపడింది. వానలో గట్టిగా చదివింది. "'పెద్ద పడవ అడుగు పగిలింది. బాబుగారికి చెప్పాను. పడవ ఆపడానికి ఒప్పుకోవట్లేదు. దయచేసి ఎవరూ రాకండి.' మీ ఆయన తాగలేదు మరిడమ్మగారూ! మనల్నందర్నీ నమ్మించి మోసం చేసింది మా ఆయన."

ఎక్కణ్నుంచి వచ్చిందో, కాకి పిండం మీద వాలింది. మరిడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "పోయాడమ్మా... ఇంక చల్లగా పోయాడు."

జ్యోత్స్న చేతిలో ఫోను వెలిగింది. పేజీలో కొత్త లైను. ఎర్రగా.

'బాబుగారు పెద్ద పడవెక్కారు. ఎక్కొద్దని చెప్పానండి.'

వెనక్కి తిరిగింది. ఆఫీసు తలుపు బార్లా తెరిచుంది. లోపల ఎవరూ లేరు. గుమ్మంలో అతని చెప్పులున్నాయి.

పెద్ద పడవ ఎక్కడికీ పోలేదు. కొల్లేట్లోంచి లాగి గట్టు మీద బోర్లించింది బోర్లించినట్టే ఉంది. చుట్టూ బురదలో ఒక్క అడుగుజాడ లేదు.

దాని కింద నుంచి చప్పుడు... రేకు డబ్బాతో ఎవరో నీళ్లు తోడి పోస్తున్న చప్పుడు.

"మీ ఆయనేనా?" గుసగుసగా అడిగింది జ్యోత్స్న.

మరిడమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కాదమ్మా. ఆయన అంత కంగారుగా తోడడు."