చిక్కుడు తీగ వెనక మాట

ఎండాకాలం వచ్చిందంటే వరదమ్మకు రెండు బాధలు. ఒకటి, కుళాయిలో నీళ్లు రావు. రెండోది, వాకిలి పక్క గోడకు పాకించిన చిక్కుడు తీగ ఎండిపోయి, దాని వెనకున్న మాట బయటపడుతుంది.

పాకాల రైల్వే క్వార్టర్సులో అందరూ చిక్కుడు తీగను కాయల కోసం పెట్టుకుంటారు. వరదమ్మ గోడను ఎవరూ చదవకుండా పెట్టుకుంది. మూడేళ్ల కింద తారుతో రాసిపోయిన ఒకే ఒక్క మాట, 'కరుంగాలి'. అరవంలోంచి వచ్చిన తిట్టు. తోటివాళ్లు సమ్మెలో ఉంటే తాను పనిలోకి పోయినవాణ్ణి అంటారు. నాలుగు మార్లు సున్నం కొట్టించింది. తారు ముందర సున్నం ఏపాటి? ఒక్క వాన పడితే మళ్లీ తేలేది.

రాసిందెవరో కనుక్కోవడానికి పోలీసులు అక్కర్లేదు. 'క' తలకట్టును అంత పొడుగ్గా ఈడ్చేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే. వాడికి పలక మీద చేయి పట్టి అక్షరాలు దిద్దించింది వరదమ్మే. తన తమ్ముడు దామోదరం.

ఈ మూడేళ్లలో దేశంలో ఎన్నో జరిగాయి. డెబ్బై నాలుగు మేలో రైళ్లు ఆగాయి. మరుసటేడు ఎమర్జెన్సీ వచ్చి నోళ్లు ఆగాయి. ఈ మార్చిలో ఎన్నికలు జరిగి ఢిల్లీలో గవర్నమెంటే మారిపోయింది. సమ్మెలో ఉద్యోగాలు పోయినవాళ్లను మళ్లీ పిలుస్తున్నారు. వరదమ్మ గోడ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ పొద్దున ఆమె సంగటికి ఎసరు పెట్టి, వేయించిన చెనిగ్గింజలు రోట్లో వేసి ఊరిబిండి నూరుతోంది. ఆమె భర్త సుబ్రమణ్యం ఇంజను డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి గోళ్లలో బొగ్గు మసి పుల్లతో తీసుకుంటున్నాడు. గేటు చప్పుడయింది.

చూస్తే దామోదరం. చేతిలో తాంబూలం తట్ట, దాంట్లో పసుపు పూసిన శుభలేఖ. మనిషి సగమయ్యాడు. ఒకప్పుడు బావ నడిపే ఇంజనులోనే బొగ్గు వేసిన ఫైర్‌మన్. ఉద్యోగం పోయాక దామలచెరువు మండీలో మామిడికాయ గంపలు మోశాడు. మూడేళ్లుగా అక్కను బజారులో పలకరించడమే తప్ప ఈ ఇంటి వైపు తల తిప్పనివాడు.

"రారా, లోపలికి రా. సంగటి అవతా ఉండాది" అంది వరదమ్మ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"తినేదానికి రాలేదుక్కా. మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. పాపకు పెండ్లి. పిలిచిపోదామని వచ్చినాను."

సుబ్రమణ్యం లేచి నిలబడ్డాడు. తాంబూలం ఇచ్చేటప్పుడు మొగుడూ పెళ్లామూ పక్కపక్కన నిలబడి నాలుగు చేతులతో అందుకోవాలి. పెద్దల నాటి పద్ధతి. దామోదరం తట్టను అక్క వైపే చాపాడు.

"నువ్వు రాక్కా. నువ్వొక్కదానివే."

"మేనత్త ఒక్కతే వస్తే నలుగురూ ఏమనుకుంటారు రా?"

"పోలీసోళ్లకు బామ్మర్దిని పట్టించిన మనిషి పక్కన నిలబడితే ఏమనుకుంటారో, అదే అనుకుంటారు."

సుబ్రమణ్యం పుల్ల కింద పడేసి, లోపలికి పోబోయాడు. సమ్మె అయ్యాక ఆఫీసువాళ్లు ఆయనకు విశ్వాసపాత్రుడని కాగితం రాసిస్తే, దాన్ని ఊరగాయ జాడీ కింద వేసిన మనిషి. దాని గురించి ఆయన చేసిన వ్యాఖ్యానం అంతే.

"నిలబడండి" అంది వరదమ్మ.

ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. మూడేళ్లుగా ఈ మాటను మింగీ మింగీ, అన్నం మింగడం మరిచిపోయింది.

"పట్టించింది ఈయన కాదు రా. నేను."

దామోదరం తట్ట పట్టుకునే ఉన్నాడు.

"సమ్మె మూడో రోజు. నా కూతురు పంకజాక్షి ఈడే పురుడుపోసుకుని తొమ్మిది దినాలు. నీళ్లు లేవు, కరెంటు లేదు. మధ్యాన్నానికి డ్రైవరు వచ్చి సంతకం పెట్టకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాలన్నారు. డ్యూటీకి పిలిచే కుప్పయ్య సంతకాల పుస్తకం పట్టుకుని, పోలీసోళ్లను వెంటేసుకుని ఈ వాకిట్లోనే నిలబడినాడు. లోపల బిడ్డ ఏడస్తా ఉండాది. ఈయన మామిడితోటలో మోటారు కొట్టంలో దాక్కోనుండాడని నేనే చెప్పినాను. నువ్వు రేణిగుంటకు పోయినావనే అనుకున్నాను రా. నువ్వూ ఆడే ఉంటావని నాకు తెలీదు."

ఆ తరవాతి సంగతి ఊరంతా చూసింది. ఇద్దరు పోలీసుల మధ్య ఇంజను ఎక్కిన సుబ్రమణ్యాన్ని, తిరగబడి వ్యానులో జైలుకు పోయిన దామోదరాన్ని. చూసినదానికి ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకున్నారు.

"అయితే మూడేళ్లూ నోరు మూసుకుని ఉండావా?" దామోదరం ఒక అడుగు ముందుకు వేశాడు. "నేను గంపలు మోస్తా ఉంటే, ఆ మనిషి మీద ఊస్తా ఉంటే, సూస్తా ఉండావా?"

"ఉండాను. నీకు భయపడి. ఈయనకు తెలిస్తే ఏమంటాడోనని ఇంగా భయపడి."

"నాకు తెలుసులే మే" అన్నాడు సుబ్రమణ్యం.

వరదమ్మ వెనక్కు తిరిగింది.

"కుప్పయ్య ఆ పొద్దే చెప్పినాడు, ఇంజను కాడ."

"తెలిసీ... తెలిసీ ఒక్క మాట అనలేదే?"

"అంటే ఏమవుతుంది? నన్ను తిడితే షెడ్డులో నలుగురు తిడతారు. సాయంత్రానికి ఇంటికొచ్చి పడుకుంటాను. నీ పేరు బయటికొస్తే నీకు పుట్టినిల్లు పోతుంది. అమ్మా నాయనా పోయినాక నీకుండే పుట్టినిల్లు వీడొక్కడే." ఆయన గోళ్ల వైపే చూస్తున్నాడు. "ఎట్లాగూ నాతో మాట మానేసినాడు. నీతో కూడా ఎందుకని."

వరదమ్మ గోడ మీద చెయ్యి వేసింది. ఎండు తీగ చేతి కింద విరిగింది. ఆ మాట మోయవలసింది తను. మూడేళ్లు మోసింది ఆయన. తను దానికి చిక్కుడు పాకించి, మొగుడి పరువు కాపాడుతున్నాననుకుంది.

లోపల ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయింది.

చివరికి దామోదరం తట్టను బావ ముందర చాపాడు. "రా బావా. పెండ్లికి రా." అక్క వైపు చూడలేదు.

సుబ్రమణ్యం చేతులు చాపలేదు. "తాంబూలానికి ఆమె చెయ్యి కూడా ఉండాల కదప్పా. ఇందాక నువ్వు నన్నొదిలి పిలిచినావు. ఇప్పుడు ఆమెనొదిలి పిలిస్తే అదీ ఇదీ ఒకటే గదా."

దామోదరం కళ్లు ఒత్తుకున్నాడు. ఇంకా అక్క మొహం చూడకుండానే తట్టను అటు జరిపాడు. నాలుగు చేతులూ పడ్డాయి.

"సంగటి తిని పో రా."

"ఇంగొకసారి తింటాలేక్కా. ఇయ్యాల గొంతు దిగదు."

గేటు దాటుతూ ఒక్క క్షణం గోడ దగ్గర ఆగాడు. తన అక్షరాలను తానే చదువుకున్నాడేమో. చేత్తో తడిమి, తల వంచుకుని పోయాడు.

సుబ్రమణ్యం లోపలికి పోయి బియ్యం కడిగిన నీళ్ల చెంబు తెచ్చి తీగ మొదట్లో పోయసాగాడు.

"ఇంగ దానికి నీళ్లెందుకు?" అంది వరదమ్మ మెట్టు మీద కూర్చుని. "ఆ మాట నాది. కనపడనీండి."

"మాట సంగతి నాకెందుకు మే. కాయలు బాగుంటాయి."

ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుంది. మూడేళ్లుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆయన చెంబు ఖాళీ చేసి, ఇంకో చెంబు కోసం లోపలికి పోయాడు.